నా పేరు రాసుకోండి

పేర్లమ్మ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసు చేరాలి, రాత్రంతా పేర్ల సర్వరు ఎలా ఉందో ఒకసారి చూడాలి, పదకొండింటికి డైరెక్టరుగారు పిలిస్తే "అంతా సవ్యంగానే ఉందండీ" అని చెప్పి నవ్వాలి. నవ్వడం ఆవిడకు అంతగా అలవాటు లేని పని కాబట్టి బస్సులో కాస్త సాధన కూడా చేసింది. పక్క సీటు పెద్దాయన అది చూసి సంచీని ఒళ్ళోకి లాక్కున్నాడు.

ఆవిడకు అసలు పేరు వేరే ఉంది. కానీ నీటి సరఫరా సంస్థలో అందరూ పేర్లమ్మ అనే పిలుస్తారు, ఎందుకంటే ఆవిడ చూసుకునేది పేర్ల సర్వరును. ఆఫీసులో ప్రతి కంప్యూటరుకూ ఒక పేరుంటుంది, ఒక చిరునామా ఉంటుంది. పేరు మనుషులకు గుర్తుంటుంది, చిరునామా యంత్రాలకు కావాలి. ఫలానా పేరుగలది ఎక్కడుందని ఏ యంత్రం అడిగినా "ఇదిగో, ఇక్కడ" అని చెప్పడమే ఈ సర్వరు ఉద్యోగం. పెళ్ళింట్లో ఏ సామాను ఏ గదిలో ఉందో తెలిసిన మేనత్త లాంటిదది. ఉన్నంతసేపూ ఎవరికీ గుర్తుండదు. ఒక్క పూట పడుకుందంటే వెబ్‌సైటు తెరుచుకోదు, మెయిలు కదలదు, ప్రింటరు పలకదు.

ఇలాంటి ఉద్యోగానికి నాలుగు అనుమానాలున్న మనిషే కావాలి. ఆ సరుకు పేర్లమ్మ దగ్గర పుష్కలంగా ఉంది. పాలవాడు నవ్వితే నీళ్ళెక్కువ కలిపాడని, నవ్వకపోతే కలిపినందుకు భయపడుతున్నాడని ఆవిడ లెక్క. బడి బస్సు నడిపే భర్త ఓ రోజు కాస్త ముందే ఇంటికొస్తే, పిల్లలందరినీ దించాడో లేదో గుచ్చి గుచ్చి అడిగింది. "నీకు అనుమానం రావడానికి కారణం అక్కర్లేదు, ఎదురుగా మనిషుంటే చాలు," అంటాడాయన. ఆ మాట ఇప్పుడే ఎందుకన్నాడా అని ఆవిడకు మళ్ళీ ఇంకో అనుమానం.

అయితే ఆ రోజు ఆవిడ భయం ఉత్త అనుమానం కాదు. పేర్ల సర్వరును బయటి కంపెనీకి అప్పజెప్పాలా వద్దా అన్నది డైరెక్టరుగారు పదకొండింటికి తేల్చబోతున్నారు. అప్పజెబితే పేర్లమ్మను ఊరి చివర పైపుల గోదాముకు పంపుతారు. ఆ గోదామును ఆవిడ ఒకసారి చూసింది. పెద్ద పైపులు, చిన్న పైపులు, వాటి మధ్య ఒక కుర్చీ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పలకరించే ప్రాణి ఉండదు, కనీసం అనుమానించడానికైనా ఉండదు. పైగా ఈ సర్వరు ఆవిడ చేతుల మీద పెరిగింది. ఖాళీ గదిలో ఒక్క యంత్రంతో మొదలుపెట్టి, జ్వరమొచ్చిన బిడ్డ పక్కన కూర్చున్నట్టు కూర్చుని నిలబెట్టింది. దాన్ని తీసుకెళ్ళి ఎవరి చేతిలోనో పెట్టాలంటే ఆవిడకు ఏడుపొస్తోంది. ఆఫీసులో ఏడవడం ఇష్టం లేక కోపం తెచ్చుకుంటోంది.

ఆ కోపమంతా తెల్ల చొక్కా మీద. బయటి కంపెనీ తరఫున వచ్చే మనిషికి ఆఫీసు పెట్టిన పేరది. నలగని చొక్కా, అరగని చిరునవ్వు. "మీ సర్వరు కాస్త నెమ్మదిగా ఉన్నట్టుందండీ" అని డైరెక్టరుగారి చెవిలో రోజుకోసారి వేసి పోతుంటాడు. పాత కంప్యూటర్లను శుభ్రం చేసి అమ్మిపెట్టే పని వచ్చీరాగానే ఊరికే చేసి పెట్టాడు కూడా. ఊరికే పనిచేసేవాణ్ణి పేర్లమ్మ అప్పుడే గుర్తు పెట్టుకుంది.

సీటులో కూర్చుని, సర్వరును ఎవరెవరు ఏమడిగారో రాసి ఉండే లాగ్ తెరిచేసరికి, బస్సులో సాధన చేసిన నవ్వు ఎటో పోయింది. తెర నిండా ఒకటే గొడవ. బయటి నుంచి ఎవరిదో కంప్యూటరు వచ్చి, "నా పేరు ప్రింట్‌రూమ్, ప్రస్తుతం నేనిక్కడున్నాను, నన్ను రాసుకో" అంటోంది. సర్వరు "నువ్వెవరో నాకు తెలీదు, పో" అంటోంది. అది పోయినట్టే పోయి మళ్ళీ వస్తోంది. ఊపిరైనా పీల్చుకోవడం లేదు.

ఆఫీసు లోపలి కంప్యూటర్లు ఇలా చెప్పుకోవడం మామూలే. పొద్దున్నే తెరవగానే ప్రతిదీ తన పేరూ చిరునామా చెప్పి హాజరు వేయించుకుంటుంది. బయటివాటికి ఆ హక్కు లేదు. పిలవని పేరంటానికి వచ్చినవాళ్ళను గుమ్మంలోనే ఆపడం సర్వరుకు తెలుసు. కానీ ఆపడానికీ ఓపిక కావాలి కదా. ఈ ఒక్కదాన్ని పొమ్మనడంలోనే దాని పొద్దంతా గడిచిపోతోంది, వెనక నిజంగా పనున్నవాళ్ళు వరసలో నిలబడి ఉసూరుమంటున్నారు. వెబ్‌సైటు నత్తనడక నడుస్తున్నదీ, సర్వరు నెమ్మదిగా ఉందని తెల్ల చొక్కా అన్నదీ ఇందుకే.

తెల్ల చొక్కా ఆఫీసులో అడుగుపెట్టింది ఈమధ్యే. ఈ తట్టుడు మొదలైందీ ఈమధ్యే. పేర్లమ్మకు ఇంకేం కావాలి? తన సర్వరును అలిసిపోయేలా చేసి, ముసలిదైపోయిందని చూపించి, ఎగరేసుకుపోవడానికి వేసిన ఎత్తు ఇది. పొమ్మన్నకొద్దీ వచ్చేవాడు మామూలు దొంగ కాదు, అమ్మకాల మనిషే అయి ఉంటాడు.

వచ్చినదాని చిరునామా లాగ్‌లో కనిపిస్తూనే ఉంది. కానీ దొంగ తన అసలు చిరునామా ఇస్తాడా? ఆ చిరునామా ఎవరిదో చెప్పమని ఇంటర్నెట్ కంపెనీని అడిగితే, అర్జీ పెట్టుకోండి, వచ్చే వారం చూస్తాం అన్నారు. వచ్చే వారానికి తను పైపుల మధ్య కుర్చీలో ఉంటుంది. అందుకని పేర్లమ్మ బాగా ఆలోచించి, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ చేయని పని చేసింది. సర్వరు చేత పొమ్మనడం మాన్పించి, "సరే, రా, రాసుకుంటాను" అనిపించింది. లోపలికొచ్చి వాడు దేని మీద చెయ్యి వేస్తాడో చూస్తే వాడెవడో ఇట్టే తెలిసిపోతుంది. దొంగను పట్టడానికి తలుపు తీసిపెట్టడం పోలీసులు కూడా చేయని పని. అయినా ఆవిడకు అది బ్రహ్మాండంగా తోచింది.

ఆఫీసులో అందరి కాగితాలూ అచ్చువేసే కంప్యూటరు పేరు కూడా ప్రింట్‌రూమే. ఒక పేరు మీద కొత్త చిరునామా రాస్తే పాతది చెరిగిపోతుంది. ఈ రెండు సంగతులూ పేర్లమ్మకు తెలియక కాదు. కోపంలో గుర్తుకు రాలేదు. వంట బాగా వచ్చినవాళ్ళే ఉప్పు మరిచిపోతారు.

సర్వరు రాసుకుంది. వెంటనే తట్టుడు ఆగిపోయింది. లాగ్ చల్లబడింది. ఆ చల్లదనం చూసి సంతోషించాల్సిన మనిషి, వీడెందుకింత బుద్ధిగా ఉన్నాడని మరింత అనుమానపడి, తెల్ల చొక్కా చేతులు ఏం చేస్తున్నాయో చూడడానికి లేచింది.

ఆయన వరండా సోఫాలో కూర్చుని ఫోను మీద వేళ్ళు ఆడిస్తున్నాడు. పేర్లమ్మ గోడ మీద క్యాలెండరు చదవడం మొదలుపెట్టింది. ఆయన లేచి క్యాంటీన్‌కు వెళ్ళాడు. ఆవిడకూ ఆకలేసింది. ఆయన మెట్ల దగ్గర నిలబడి ఎవరితోనో మాట్లాడుతుంటే, ఆవిడ అక్కడే వంగి చెప్పు సరిచేసుకుంది. చాలాసేపు సరిచేసుకుంది. కాసేపటికి ఆయనకూ అనుమానం మొదలైంది. ఇంకో కంపెనీవాడెవడో తన ధర తెలుసుకోవడానికి ఈవిడను పెట్టాడనుకుని ఫోనులో గొంతు తగ్గించాడు. గొంతు తగ్గించినవాణ్ణి పేర్లమ్మ వదులుతుందా? చివరికి ఆయన మగవాళ్ళ బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకుంటే, ఆవిడ బయట కాపలా కాసింది. అటుగా వచ్చిన డైరెక్టరుగారు ఆగి, "ఇక్కడేం చేస్తున్నారమ్మా?" అనడిగారు. మీకోసమే చూస్తున్నానండీ అని ఆవిడ నోటికొచ్చింది చెప్పింది. డైరెక్టరుగారు లోపలికి వెళ్దామని వచ్చినవారు, మనసు మార్చుకుని గదికి తిరిగిపోయారు.

అక్కడ ఆయనకు ఇంకో చిరాకు కాచుకుని ఉంది. బయటి కంపెనీతో చేసుకోబోయే ఒప్పందాన్ని పదకొండింటికల్లా సంతకానికి సిద్ధం చేద్దామని పొద్దున్నే ప్రింటు ఇచ్చారు. ప్రింటరు దగ్గర కాగితం ముక్క లేదు. మళ్ళీ ఇచ్చారు. మళ్ళీ లేదు. ప్రింటరును ఆనుకుని కూర్చునేది నోటీసులాయన. నీళ్ళు ఎప్పుడు ఆగుతాయో ఊరికి తెలియజేసే నోటీసులు రాయడం ఆయన ఉద్యోగం. రాయడం వెంటనే రాస్తాడు గానీ, సంతకాలన్నీ పడి కాగితం బయటికి వచ్చేసరికి నీళ్ళు ఆగడం, మళ్ళీ రావడం కూడా అయిపోతాయి. పేర్లమ్మతో కలిసి టీ తాగే మనిషి కూడా ఇతనే. ఒప్పందం మాయమైందంటే ఇతనే తీసి దాచి ఉంటాడని డైరెక్టరుగారు తేల్చుకున్నారు.

నోటీసులాయన బాధ వేరు. ఆయన ఆ పొద్దున మార్కెట్ వీధికి ఒక నమూనా నోటీసు తయారుచేశాడు. "నేడు మార్కెట్ వీధిలో నీటి సరఫరా నిలిపివేయబడును, దయచేసి సహకరించగలరు." నీళ్ళు ఆపే ఆలోచన ఎవరికీ లేదు, కొత్త అక్షరాలు ఎలా ఉన్నాయో చూద్దామనే. అచ్చయి వచ్చాక దాని మీద "నమూనా" అని ముద్ర వేద్దామని రబ్బరు ముద్ర, సిరా దిండు పక్కనే పెట్టుకుని కూర్చున్నాడు. కాగితం రాలేదు. ఇంకోసారి నొక్కాడు. రాలేదు. పట్టుదల కొద్దీ నొక్కుతూనే పోయాడు. తన భాష డైరెక్టరుగారికి నచ్చదనీ, అందుకే తను ఇటు తిరగ్గానే కాగితాలు ఎత్తుకుపోతున్నారనీ ఆయన లోలోపల అనుమానం.

అలా ఇద్దరూ ప్రింటరు దగ్గర కలిశారు. ఏమీ పనిలేనట్టు కాసేపు దాని చుట్టూ తిరిగారు.

"ఇక్కడ నావేమైనా కాగితాలు చూశారా?" అన్నారు డైరెక్టరుగారు.

"మీవి కనిపిస్తే నావి కూడా కనిపించేవి కదండీ," అన్నాడు నోటీసులాయన.

ఇద్దరికీ ఆ మాటలో వేరే అర్థం ఏదో వినిపించింది. డైరెక్టరుగారు గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషిని పిలిపించి ప్రింటరు పక్కన నిలబెట్టారు. నోటీసులాయన ఖాళీ కాగితాల కట్ట తీసుకెళ్ళి తన సొరుగులో పెట్టి తాళం వేశాడు. కాగితమే లేని ప్రింటరుకు కాపలా మొదలైంది.

సరిగ్గా ఆ సమయంలో పంపుహౌసు నుంచి ఫోను వచ్చింది. మార్కెట్ వీధి వైపు నీటి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతోందట. అంత నీరు ఎటు పోతోందో తెలియడం లేదట. పైపు పగిలి ఉండాలి, లేదా ఎవరైనా పగలగొట్టి ఉండాలి. పొద్దుటి నుంచి అనుమానంతో ఉడుకుతున్న డైరెక్టరుగారికి రెండోదే నచ్చింది. మనిషిని పంపి చూడమనకుండా, ఉన్నపళాన పెద్ద వాల్వు మూసేయమని ఫోనులోనే ఉత్తర్వు ఇచ్చేశారు. మార్కెట్ వీధికి నీళ్ళు ఆగిపోయాయి.

ఈ అలజడికి పేర్లమ్మ తెల్ల చొక్కాను వదిలి సీటుకు పరిగెత్తింది. వాడు నీళ్ళ మీద కూడా చెయ్యి వేశాడా ఏమిటి? సర్వరు తెరిచి చూసింది. నీళ్ళ వైపు అంతా మామూలుగానే ఉంది. మారింది ఒక్కటే వరస. ప్రింట్‌రూమ్ అనే పేరుకు ఎదురుగా ఆఫీసు చిరునామా లేదు, బయటిదేదో ఉంది. పొద్దుటి నుంచి ఆఫీసు కాగితాలన్నీ ఎవరింటికో పోయి అచ్చవుతున్నాయన్నమాట. పోతున్నది తను తీసిన తలుపులోంచే. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది. గబగబా తలుపు మూసింది, పాత చిరునామా తిరిగి రాసింది, చెమట తుడుచుకుంది. వెంటనే బయట తట్టుడు మళ్ళీ మొదలైంది.

ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆవిడ అలాగే అనుకుంది, దాచడం తప్పనీ అనుకుంది, ఈలోగా గడియారం పదకొండు కొట్టింది.

డైరెక్టరుగారి గదిలో తెల్ల చొక్కా అప్పటికే కూర్చుని ఉన్నాడు. నోటీసులాయనను కూడా పిలిపించారు, కళ్ళ ఎదుట ఉంటే మంచిదని. సర్వరు ఎలా ఉందని డైరెక్టరుగారు అడిగారు. "అంతా సవ్యంగానే ఉందండీ" అన్న మాట పేర్లమ్మ అనలేదు. దానికి బదులు వేలు లేచి తెల్ల చొక్కా వైపు చూపించింది. బయటి నుంచి ఎవరో కావాలని సర్వరును వేధిస్తున్నారనీ, ఆ ఎవరో ఇక్కడే కూర్చున్నారనీ చెప్పేసింది. తెల్ల చొక్కా చిరునవ్వు మొదటిసారి అరిగింది. తనకా అవసరమేముందనీ, పొద్దుటి నుంచి బాత్రూము దాకా తన వెంట పడింది ఎవరో అడగమనీ అన్నాడు. డైరెక్టరుగారు పేర్లమ్మ వైపు చూశారు. నోటీసులాయన ఇద్దరి వైపూ చూశాడు. తనను అనుమానించడం మానేశారని ఆయనకు కాస్త ఊరట.

అప్పుడు తలుపు తోసుకుని ఒకావిడ లోపలికొచ్చింది. చేతిలో కాగితాల కట్ట, భుజం మీద తువ్వాలు, ముఖం నిండా కోపం. మార్కెట్ వీధిలో లాండ్రీ నడుపుతున్నానని చెప్పుకుంది. సెక్యూరిటీ మనిషి ప్రింటరు దగ్గర ఉన్నాడు కాబట్టి గేటులో ఆవిడను ఆపినవాడు లేడు.

"నీళ్ళాపేది మీరైతే నోటీసులు నేను పంచాలా సార్?" అంది. "పనివాళ్ళున్నారు, బట్టలు నానబెట్టి ఉన్నాయి. అయినా ఇన్ని కాపీలు పంపారంటే పంచమనే కదా అని వీధంతా తిరిగి ఇచ్చొచ్చాను. ఇవి మిగిలినవి."

నోటీసులాయన లేచి ఒక కాగితం తీసుకుని అక్షరాలు చూసుకున్నాడు. బాగానే ఉన్నాయి.

తర్వాతి సంగతంతా ఆవిడ నోటినుంచే వచ్చింది. సంస్థ పాత సామాను వేలంలో ఆవిడ ఒక కంప్యూటరు కొనుక్కుంది. ఈమధ్యే దుకాణంలో పెట్టి ప్రింటరు తగిలించింది. ఈ పొద్దున అది తనంతట తనే కాగితాలు కక్కడం మొదలుపెట్టింది. పైన నీళ్ళ సంస్థ పేరుంది, కింద నీళ్ళు ఆపుతామని ఉంది. నీళ్ళు లేకపోతే లాండ్రీ లేదు. ఆవిడ ముందు తన తొట్లన్నీ నింపుకుని, తర్వాత కాగితాలు పంచింది. అందుకున్నవాళ్ళందరూ బిందెలు, బకెట్లు, డ్రమ్ములు, చివరికి పిల్లల స్నానాల టబ్బులు కూడా కుళాయి కింద పెట్టారు. వీధి వీధంతా ఒక్కసారే కుళాయిలు తిప్పితే పంపుహౌసులో ఒత్తిడి పడిపోక ఏమవుతుంది? పగిలిన పైపు లేదు, పగలగొట్టినవాడూ లేడు. వాల్వు మూసేసరికి మాత్రం నోటీసులో చెప్పినట్టే నీళ్ళు ఆగిపోయాయి.

"ఒప్పందం కూడా వచ్చుండాలే, పెద్దది," అని డైరెక్టరుగారు నెమ్మదిగా అడిగారు.

"అదా సార్? దాని మీద మా వీధి పేరు లేదు. కాగితాలు చాలా ఉన్నాయని చొక్కాల మడతల్లో అట్టలుగా పెట్టేశాను. డెలివరీ కూడా అయిపోయింది."

పేర్లమ్మకు ఇప్పుడు అంతా అర్థమైంది. అది ఒకప్పటి ప్రింట్‌రూమ్ కంప్యూటరు. కొత్తది వచ్చాక దాని పేరు కొత్తదానికి పెట్టారు గానీ, పాతదానికి ఉద్యోగం పోయిందని ఎవరూ చెప్పలేదు. పాపం లాండ్రీలో కూర్చుని కూడా రోజూ పాత ఆఫీసుకే హాజరు చెప్పుకుంటోంది. దాని బుర్రలోంచి అన్నీ చెరిపేసి అమ్మే పని ఎవరు తీసుకున్నారో గుర్తొచ్చి, ఆవిడ తెల్ల చొక్కా వైపు తిరిగింది. గదిలో అందరూ అటే తిరిగారు.

"చెరపలేదే అనుకోండి," అన్నాడు తెల్ల చొక్కా. "బయటి కంప్యూటరును లోపలికి రానివ్వకూడదు కదా. తలుపు తీసిందెవరు?"

అందరూ మళ్ళీ ఇటు తిరిగారు. పైపుల గోదాము పేర్లమ్మ కళ్ళ ముందు కదిలింది. ఆవిడ నోరు తెరిచేలోగా బల్ల మీద ఫోను మోగింది. చేసింది బోర్డు అధ్యక్షుడు. డైరెక్టరుగారు లేచి నిలబడి ఫోను ఎత్తారు. వాల్వు మూయించిన మనిషి ముఖం ఎలా ఉండాలో అలాగే ఉంది ఆయన ముఖం. వింటూ వింటూ కూర్చున్నారు. కాసేపటికి వెనక్కి వాలారు. చివరికి "అంతా మీ ఆశీర్వాదం సార్" అని పెట్టేశారు.

అధ్యక్షుడి అక్కగారి ఇల్లు మార్కెట్ వీధిలో ఉందట. నీళ్ళు ఆగకముందే నోటీసు చేతికందిందట. సంస్థ పుట్టినప్పటి నుంచి ఇలా ఎన్నడూ జరగలేదట. ఇంటింటికీ మనిషినే పంపి చెప్పించిన ఈ ఆలోచన ఎవరిదో తెలుసుకుని తనకు చెప్పమన్నారట.

గదిలో గాలి మారింది. నోటీసులాయన గొంతు సవరించుకుని, ఆ నోటీసులో ప్రతి అక్షరమూ తనదేనన్నాడు. తెల్ల చొక్కా ముందుకు జరిగి, ఆ కంప్యూటరును తమ కంపెనీ చెరపకుండా వదిలింది భవిష్యత్తు చూసేనన్నాడు. లాండ్రీ ఆవిడ కాగితాలు పంచుతూ తను ఎక్కిన మేడమెట్ల సంగతి చెప్పింది. వాల్వు తను స్వయంగా మూయించిన విషయం డైరెక్టరుగారు కూడా గుర్తు చేశారు. ఇందాక ఎవరికీ అక్కర్లేని తప్పుకు ఇప్పుడు ఇంతమంది తల్లులు.

పేర్లమ్మకు మాత్రం అది మింగుడుపడలేదు. ఎవరినీ నమ్మని మనిషికి ఈ పొగడ్తను నమ్మబుద్ధి కాలేదు. ఎప్పుడో ఒకప్పుడు బయటపడే సంగతి ఇప్పుడే చెప్పేస్తే, గోదాములోనైనా నిద్రపడుతుందనిపించింది.

"ఆలోచన ఎవరిదీ కాదండీ. నాది తప్పు. ఈయన్ని పట్టుకుందామని తలుపు నేనే తీశాను. తీయకపోతే ఇదేదీ జరిగేది కాదు," అంది.

డైరెక్టరుగారు ఆవిడను చాలాసేపు చూశారు. ఎంత ఎగాదిగా చూసినా ఆ ముఖంలో వినయం తప్ప ఏమీ లేదు. అదే ఆయనకు అనుమానం కలిగించింది.

"తలుపు మీరు తీయకపోతే ఇదేదీ జరిగేది కాదంటారు," అన్నారు నెమ్మదిగా. "అంటే మొత్తం మీ వల్లే జరిగిందంటారు. రేపు అధ్యక్షులవారి దగ్గరా ఇదే మాట అంటారు."

"నిజం అదేనండీ."

"చూడమ్మా, ఇంత లోతు మనిషివని అనుకోలేదు. ఘనత నీకే పూర్తిగా ఇస్తే మేమంతా ఏమైపోవాలి?" ఆయన మీరు నుంచి నువ్వులోకి దిగిపోయారు, భయపడ్డప్పుడు ఆయనకది అలవాటు. "సర్వరు నీ దగ్గరే ఉంటుంది. గోదాము మాట మరిచిపో. కానీ అధ్యక్షులవారి దగ్గర మాత్రం ఇది అందరం కలిసి చేశామనాలి. సరేనా?"

పేర్లమ్మ ఆయనకు మళ్ళీ మొదటి నుంచి చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపారు. ఇంకా ఏదో అడగబోతోందనుకుని, సర్వరు గదికి కొత్త కుర్చీ కూడా ఒప్పుకున్నారు. తెల్ల చొక్కా ఒప్పందాన్ని మళ్ళీ ప్రింటు తీద్దామా అని గుర్తు చేస్తే, కాగితం నోటీసులాయన సొరుగులో ఉందని చెప్పి పంపేశారు. తలుపు దగ్గర ఆ మనిషి పేర్లమ్మకు దారి ఇస్తూ, "మీ అంతటి ఎత్తు వేయడం మాకు చేతకాదండీ," అన్నాడు. అందులో వెటకారం లేదు, నిజమైన గౌరవమే ఉంది. పేర్లమ్మ నవ్వింది. నవ్వు బాగానే వచ్చింది.

సర్వరు గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసుకుని, యంత్రం మీద చెయ్యి వేసి నిలబడింది. వెచ్చగా ఉంది. పొద్దుటి నుంచి ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, కుర్చీలో కూర్చుని, ఇంత సులువుగా ఎందుకు వదిలేశారా అని ఆలోచించడం మొదలుపెట్టింది.

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. లాండ్రీ కంప్యూటరుకు "మార్కెట్ వీధి" అని వేరే పేరు పెట్టి సర్వరులో రాసుకోవాలట. ఇకమీదట ఆ వీధి నోటీసులన్నీ సంతకాల కోసం ఆగకుండా తిన్నగా అక్కడే అచ్చవ్వాలట. పంచడం లాండ్రీ ఆవిడ బాధ్యత, బదులుగా ఆవిడ తొట్లకు నీటి ఒత్తిడి ఎప్పుడూ తగ్గకూడదు. మర్నాడు పేర్లమ్మ లాండ్రీకి వెళ్ళి కొత్త పేరు తన చేత్తోనే పెట్టి, సర్వరులో రాసింది. తట్టుడు మళ్ళీ ఆగింది. వెబ్‌సైటు పరిగెత్తింది.

కొన్నాళ్ళు గడిచాక ఒక ఉదయం లాగ్‌లో కొత్త పేరు కనిపించింది. ఈసారి బయటి నుంచి తట్టి "నన్ను రాసుకో" అంటున్నది పాత కంప్యూటర్లలో ఇంకొకటి, వేలం చిట్టా ప్రకారం ఏదో బేకరీలో ఉందట. పేర్లమ్మ తలుపు గట్టిగా మూసి, ఈసారి ఎవరినీ వెంబడించకుండా, తిన్నగా డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళి, మళ్ళీ అవాంఛిత యంత్రమొకటి వచ్చి సర్వరును పీడిస్తోందని ఫిర్యాదు చేసింది.

డైరెక్టరుగారు ఫైలులోంచి తల ఎత్తకుండానే అడిగారు, "ఏ వీధిలో?"